తడబాటుకు కర్త ఎవరు?

2016లో ఒక మహిళా సంఘం వాళ్లు నాకు తొమ్మిది పేజీల కాగితాలు పంపి ఇంగ్లీషులోకి మార్చి పెట్టమన్నారు. అప్పుడు నేను పిహెచ్.డి. థీసిస్ చివరి అధ్యాయం రాస్తున్నాను. భార్య పెట్టిన 498-ఎ కేసును కొట్టేయమంటూ ఒకాయన హైకోర్టుకు వెళ్లాడు. హైకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో జరగాలని రాజ్యాంగంలోని 348వ అధికరణం చెబుతుంది. అందుకని ఆమె తెలుగులో ఇచ్చుకున్న ఫిర్యాదుకూ, దానికి జతచేసిన వాంగ్మూలానికీ ఇంగ్లీషు అనువాదం కావాలి. లిటరేచర్ చదివిన అమ్మాయి, భాష బాగుంటుందని ఎవరో నా పేరు చెప్పారట. ఆ మాట నాకు బాగానే నచ్చింది. రెండు రాత్రులు కూచుని పని పూర్తిచేశాను.

ఆ వాంగ్మూలం ఆమె చెబుతుంటే సంఘం కార్యకర్త ఒకామె రాసుకున్నది. రాసినామె తన భాషను అందులో ఎక్కడా కలపలేదు. కొట్టిన రోజులు, కొట్టడానికి చేతికందిన వస్తువులు, పుట్టింటివాళ్లు అప్పుచేసి తెచ్చిన డబ్బు, అన్నీ ఆమె నోటి మాటల్లోనే ఉన్నాయి. అందులో ఒక వాక్యం ఇది: “మూడుసార్లు టేషన్ దాంక పోయిన, గడప కాడ జంకి మర్లొచ్చిన.”

ఆ ‘జంకి’ దగ్గర నేను ‘హెజిటేట్’ అన్న క్రియ వాడాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇలాంటి చోట ఇంగ్లీషులో మొదట గుర్తొచ్చే మాట అదే. మర్యాదగా ఉంటుంది, వాక్యంలో సాఫీగా ఇమిడిపోతుంది.

రెండు నెలల తర్వాత ఆమె తరఫు లాయరు ఫోన్ చేసింది. “మేడమ్, హెజిటేట్ అనే మాట మీరు వేసిందేనా? ఒరిజినల్లో ఏముంది?” అని అడిగింది. అవతలి లాయరు ఆ మాట పట్టుకున్నాడట. ఫిర్యాదు ఆలస్యంగా వచ్చింది. ఎందుకు ఆలస్యమైందో ఆమే ఒప్పుకుంటోంది. మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ సందేహించింది. తన ఆరోపణ మీద తనకే నమ్మకం లేని మనిషి, తర్వాత ఎవరో నేర్పితే వచ్చి కేసు పెట్టింది. ఇదీ అతని వాదన.

కాగితాలు తీసి మళ్లీ చూసుకున్నాను. జంకి. అందులో సందేహం ఎక్కడుంది? జరిగినదాని గురించి ఆమెకు రవ్వంత అనుమానం లేదు. ఉన్నదల్లా భయం. లోపల కుర్చీల్లో కూచున్నవాళ్లంటే భయం, తిరిగి ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందోనన్న భయం. నేను ఆ భయాన్ని తీసేసి ఆ చోట ఒక సందేహాన్ని పెట్టాను. ఎవరూ అడక్కుండానే అవతలి పక్షానికి పనిచేసి పెట్టాను.

లాయరు సవరించిన అనువాదాన్ని తెలుగు ప్రతితో కలిపి మళ్లీ దాఖలు చేసింది. కేసు కొట్టేయడానికి కోర్టు ఒప్పుకోలేదు. నీవల్ల నష్టమేమీ జరగలేదులే అని సంఘంలో అందరూ నాకు ధైర్యం చెప్పారు. అయినా ఉండబట్టక ఆఫీసుకు వెళ్లి ఆమెను కలిశాను. నాకంటే పదేళ్లు పెద్దదయి ఉంటుంది. నల్లగొండ వైపు మనిషి, నగరం శివార్లలో కుట్టుమిషన్ మీద ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. జరిగింది చెప్పి క్షమించమన్నాను. ఆమె కోపం చేయలేదు. ఆశ్చర్యపోయింది. “ఏందీ, ఇంగ్లీషుల జంకుడుకు మాట లేదా చెల్లె?” అంది.

ఉన్నాయక్కా, చాలా ఉన్నాయి అన్నాను. ఇంటికొచ్చి అవి ఎన్నున్నాయో రాసుకోవడం మొదలుపెట్టాను. థీసిస్ పక్కన పెట్టి కొన్నాళ్లు అదే పని.

ఫాల్టర్, వేవర్, వాసిలేట్, డిథర్, టాటర్, స్టాగర్, ఫ్లించ్, క్వేల్, బాల్క్, బాగుల్, డెమర్, ఫ్లాగ్. ఇవికాక షిలీషాలీ లాంటి వేళాకోళం మాటలు. నిలకడ తప్పడానికి, వెనకాడడానికి, నీరసపడడానికి ఇంగ్లీషువాళ్లు ఇన్ని క్రియలు తయారుచేసుకున్నారు. ఒక్కోదాని వెనక ఒక్కో బొమ్మ ఉంది. హెజిటేట్ లాటిన్‌ నుంచి వచ్చింది, దాని మూలార్థం అతుక్కుపోవడం. కాలు బురదలో దిగబడినట్టు కదలలేకపోవడం. వేవర్‌కు అలలా ఊగడంతో చుట్టరికం ఉంది. బాల్క్ అంటే మొదట నాగలి దున్నకుండా వదిలేసిన నేలచాలు, గట్టు. తర్వాత గుర్రం అడ్డం చూసి టక్కున ఆగిపోవడానికి ఆ మాట వచ్చింది. బాగుల్‌ కూడా మొదట గుర్రం బెదరడానికే వాడారు. దెయ్యం అనే అర్థమున్న మాట నుంచి అది పుట్టి ఉంటుందని నిఘంటువులు చెబుతాయి. షిలీషాలీ ‘షల్ ఐ, షల్ ఐ’ అని ఒక మనిషి తనను తాను పదేపదే అడుక్కోవడంలోంచి వచ్చింది. చేయనా, వద్దా, చేయనా, వద్దా.

పక్క పేజీలో మన మాటలు రాశాను. తడబడు, తొట్రుపడు, తత్తరపడు, తటపటాయించు, వెనకాడు, జంకు, బెదురు, నసుగు, నీళ్లు నములు, ఊగిసలాడు, డీలాపడు, నీరుగారు, మొహమాటపడు. ఈ రెండు పేజీలనూ ఎదురెదురుగా పెట్టి జతలు కలపబోతే ఒక్కటీ సరిగ్గా కలవలేదు. తడబడేది నాలుకో, కాళ్లో. నసిగేది నోరు. ఎదుట ఎవరూ లేకపోయినా మనిషి తటపటాయించగలడు. జంకడానికి మాత్రం ఎదుట ఒకరుండాలి. మొహమాటపడడానికి ఆ ఎదుటివాళ్లు తెలిసినవాళ్లో, అయినవాళ్లో అయితే మరీను. హెజిటేట్ వీటన్నిటినీ ఒకే చాపలో చుట్టేస్తుంది. దిగబడిపోయిన కాలే కనబడుతుంది, బురద ఎవరు చేశారన్నది కనబడదు.

అసలు విషయం అక్కడే ఉందని నాకు మెల్లగా తెలిసింది. ఈ ఇంగ్లీషు క్రియల్లో ఎక్కువ భాగం అకర్మకాలు. ఆమె ఫాల్టర్ అయింది, ఆమె వేవర్ అయింది, ఆమె ఫ్లించ్ అయింది. వాక్యం అంతటితో అయిపోతుంది. ఆ వాక్యంలో ఆమె తప్ప ఇంకో మనిషి లేడు. లోపం ఆమెలోదే, కదిలింది ఆమే. మన బెదురు అలా కాదు. దాని పక్కనే బెదిరించు ఉంది. ఆమె బెదిరింది అనగానే, ఎవరు బెదిరించారు అని అడగడానికి భాషలోనే దారి ఉంది. వణుకుకు వణికించు ఉంది. ఇంగ్లీషుకు ఈ దారి బొత్తిగా లేదని కాదు. స్టాగర్‌ను రెండు రకాలుగానూ వాడొచ్చు: మనిషి తూలొచ్చు, దెబ్బ మనిషిని తూల్చొచ్చు. ఆ క్రియ పుట్టింది కూడా తోయడం అనే అర్థమున్న పాత నార్స్ మాటలోంచే. అంటే తోసిన చెయ్యి ఆ పదం లోపలే ఉంది. కానీ ఒక స్త్రీ తూలింది అని చదివినప్పుడు ఆ చేతిని ఎంతమంది వెతుకుతారు?

మన భాషను వెనకేసుకొచ్చి ఇక్కడితో ఆపేస్తే అది అబద్ధమవుతుంది. మొహమాటానికి పోతే కడుపొచ్చిందట అన్న సామెత మనదే. నవ్వుతూ, పెళ్లి పందిళ్లలో కూడా వాడతాం. ఆ సామెతలో గట్టిగా కాదనలేకపోయిన ఆడమనిషి ఒక్కతే ఉంది. ఆ కాదనలేని స్థితిని వాడుకున్నవాడు వాక్యంలో ఎక్కడా లేడు. కడుపు దానంతటదే వచ్చింది. మొహమాటం ఎంతసేపూ ఆమెది. కర్తను మాయం చేయడంలో మనం ఇంగ్లీషువాళ్లకేమీ తీసిపోలేదు.

2017 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఒక అత్యాచారం కేసులో ఇచ్చిన తీర్పు చదివినప్పుడు నాకు ఈ సామెతే గుర్తొచ్చింది. కింది కోర్టు వేసిన శిక్షను రద్దు చేస్తూ, స్త్రీ బలహీనంగా ‘నో’ అంటే అది కొన్నిసార్లు ఒప్పుకోలు కావచ్చునన్న అర్థంలో ఆ తీర్పు మాట్లాడింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. అప్పటికే 2013లో చట్టం మారింది. సమ్మతి అంటే స్పష్టమైన, స్వచ్ఛందమైన ఒప్పుదల అనీ, ఒంటితో ప్రతిఘటించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదనీ అందులో రాసుకున్నాం. మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీద నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాసిన దగ్గర్నుంచి దేశమంతా స్త్రీలు చేసిన పోరాటాల ఫలితం అది. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని ఆ లేఖ చెప్పిన మాట చట్టంలోకి ఎక్కడానికి ముప్పయ్యేళ్లు దాటింది. చట్టం మారినా, స్త్రీ తడబాటును చదివే పద్ధతి మాత్రం దాని వెంట మారలేదు.

ఆ తీర్పునూ, నేను అనువాదం చేసిన కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఫిర్యాదు చేయడానికి వెనకాడితే ఆమె చెప్పేది అబద్ధం. కాదనడంలో వెనకాడితే ఆమె ఒప్పుకున్నట్టు. ఒకచోట తడబాటు ఆమె మాట విలువను తగ్గిస్తుంది, ఇంకోచోట ఆమె మాటను తిరగేస్తుంది. రెండుచోట్లా ఆమె ఎందుకు తడబడిందన్న ప్రశ్న రాదు. ఇంతకీ తడబడకుండా గడగడా చెబితే? అప్పుడు నేర్పించి తీసుకొచ్చారు అంటారు.

నేను చదువుకున్న సాహిత్యం దీనికి బయటేమీ లేదు. హామ్లెట్ అయిదు అంకాల పాటు వెనకాడతాడు. ఆ వెనకాడడం మీద విమర్శకులు గ్రంథాలకు గ్రంథాలు రాశారు. కోల్‌రిడ్జ్ అందులో అతిగా ఆలోచించే మేధావిని చూశాడు. వెనకాడే మగవాడు తాత్వికుడు. అదే నాటకంలో అతను తల్లిని చూసి మొత్తం స్త్రీజాతినే బలహీనతకు మారుపేరు చేస్తాడు. నేను ఎం.ఏ.లో దీని మీద పది మార్కుల జవాబులు రాశాను, ఒక్కసారి కూడా విడ్డూరం అనిపించలేదు.

ఈ విడ్డూరాన్ని పట్టుకున్న మనిషి జేన్ ఆస్టిన్. ఆమె చనిపోయాక 1817 చివర్లో వచ్చిన ‘పర్‌స్యుయేషన్’ నవల మొత్తం దీని గురించే. యాన్ ఇలియట్ పందొమ్మిదేళ్ల వయసులో పెద్దల మాట విని, ప్రేమించినవాడితో కుదుర్చుకున్న పెళ్లి వద్దనుకుంటుంది. దాదాపు ఎనిమిదేళ్ల తర్వాత తిరిగొచ్చిన వెంట్‌వర్త్ దృష్టిలో అది నిలకడలేనితనం. అతను లూయిజా అనే అమ్మాయితో నడుస్తూ ఒక హేజల్ కాయను చేతిలోకి తీసుకుని, తుఫాన్లకు తట్టుకున్న ఈ గట్టికాయలా ఉండాలి మనిషి మనసు అని ఉపన్యాసమిస్తాడు. పొద వెనక కూచున్న యాన్ అది వింటుంది. ఆ గట్టిదనమే నేర్చుకున్న లూయిజా, వద్దంటున్నా వినకుండా లైమ్ రేవుగోడ మెట్ల మీదినుంచి రెండోసారి దూకి, కిందపడి స్పృహ తప్పుతుంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ చేష్టలుడిగి నిలబడితే, ఎవరేం చేయాలో చెప్పేది యాన్. నవల చివర్లో కూడా యాన్ పందొమ్మిదేళ్లప్పుడు తాను పెద్దల మాట వినడం తప్పు కాదనే అంటుంది. ఇది చదివినప్పుడల్లా నాకు ఆస్టిన్ మీద గౌరవం పెరుగుతుంది. తల్లిలేని పిల్ల, ఆస్తి తండ్రి చేతిలో ఉన్న పిల్ల, ఆమె ఊగిందంటే కింద నేల ఎలాంటిదో చూడండి అంటోంది ఆమె.

నా సొంత సంగతి కూడా ఒకటి చెప్పాలి. నా వైవా రోజున నేను కొన్ని ప్రశ్నలకు ఆగి ఆగి జవాబు చెప్పాను. పరీక్షకుల్లో ఒకాయన, పనిబాగుంది గానీ అమ్మాయి చెప్పడంలో తడబడుతోంది, ఇంకా ఆత్మవిశ్వాసం రావాలి అన్నాడు. అదే వారంలో నా తోటి పరిశోధకుడు ఒకతను నాకన్నా ఎక్కువసేపు ఆగి జవాబులు చెప్పాడు. అతనిది ఆచితూచి మాట్లాడే పద్ధతి అన్నారు. అతని మీద నాకేం కోపం లేదు, మంచి స్నేహితుడు. ఆ రోజు నాకు వచ్చిన మాటనే నేను కొన్ని నెలల ముందు ఇంకో స్త్రీకి ఇచ్చి ఉన్నానన్నదే నన్ను కలవరపెట్టింది.

స్త్రీల భాషలోని తడబాటు గురించి ఇంగ్లీషులో శాస్త్రం పేరుతో కూడా చాలా రాశారు. 1922లో యెస్పర్సన్ అనే డేనిష్ భాషావేత్త, ఆడవాళ్లు వాక్యాలు పూర్తిచేయకుండా వదిలేస్తారని ఒక అధ్యాయంలో రాశాడు. 1975లో రాబిన్ లేకాఫ్ స్త్రీవాద దృష్టితో పుస్తకం రాస్తూ, నసుగుళ్లు, చివర్లో తగిలించే ‘కదా’లు స్త్రీలకు సమాజం నేర్పిన భాష అంది. 1980లో ఓబార్, ఆట్కిన్స్ అనే ఇద్దరు అమెరికాలోని ఉత్తర కరొలినా కోర్టుల్లో సాక్షుల మాటలను పరిశీలించి ఇంకో అడుగు ముందుకేశారు. నసుగుతూ, తడబడుతూ మాట్లాడినవాళ్లు అందరూ స్త్రీలు కారు, స్త్రీలందరూ అలా మాట్లాడనూ లేదు. హోదా ఉన్నవాళ్లు, కోర్టు అలవాటున్న స్త్రీలు తడబడలేదు. హోదా లేని మగవాళ్లు తడబడ్డారు. అందుకే దాన్ని ఆడవాళ్ల భాష అనడం కంటే అధికారం లేనివాళ్ల భాష అనడం మేలన్నారు వాళ్లు. గడప అవతల ఎవరు కూచున్నారన్నదాన్ని బట్టి ఇవతల నిలబడ్డవాళ్ల నాలుక కదులుతుంది. మా కుట్టుమిషన్ అక్క ఒక్క మాటలో చెప్పింది ఇదే.

తడబాటంతా భయమే అని కూడా అనలేం. ఇంగ్లీషులో స్క్రూపుల్ అని ఒక మాట ఉంది, క్రియగానూ వాడతారు. మనసొప్పక వెనకాడడం. లాటిన్‌లో దాని అర్థం చిన్న సూదిరాయి. చెప్పులో రాయి అనగానే మనకు వేమన గుర్తొస్తాడు. ఆయనకది బాధ. రోమన్లకది మనస్సాక్షి. రాయి గుచ్చుకుంటే నడక తడబడుతుంది, నిజమే. ఆ రోజు రాత్రి నా చెప్పులో అలాంటి రాయి ఒకటి ఉండి ఉంటే హెజిటేట్ అని రాసే ముందు నేను ఆగేదాన్ని. స్టేషన్ గడప దగ్గర తడబడింది ఆమె. కాగితం మీద తడబడాల్సిన చోట నేను తడబడలేదు.

సవరించిన అనువాదంలో ఏం రాయాలన్నది కూడా అంత తేలిగ్గా తేలలేదు. ఫ్లించ్ అంటే దెబ్బ పడబోతుంటే ఒళ్లు ముడుచుకోవడం, క్షణకాలం పని. ఆమె తిరిగి నడిచొచ్చింది. క్వేల్ పుస్తకాల్లోని మాట, ఆమె నోట పలకదు. బాల్క్ అంటే గుర్రమో గాడిదో మొండికేసినట్టుంటుంది. చివరికి లాయరు, “మేడమ్, చిన్నపిల్లలకు కూడా తెలిసే మాట రాయండి” అంది. లోపలికి పోవడానికి భయపడ్డాను అని, ‘అఫ్రెయిడ్’ అని రాశాం. అన్ని క్రియలు వెతికి చివరికి ఇదా అని నాకు కొంచెం నిరాశగానే అనిపించింది.

ఆ మాట చరిత్ర నేను తర్వాత చూశాను. అఫ్రెయిడ్ మొదట విశేషణం కాదు. ‘అఫ్రే’ అనే పాత క్రియకు అది భూతకాల రూపం. అఫ్రే అంటే కలవరపెట్టడం, హడలగొట్టడం. కాబట్టి అఫ్రెయిడ్ అంటే అచ్చంగా ‘హడలగొట్టబడిన’ అని. ఆ అఫ్రే ఇంకా చట్టంలో బతికే ఉంది. బహిరంగ స్థలంలో కొట్లాడి శాంతికి భంగం కలిగించే నేరానికి అది పేరు. అంటే భయపడిన మనిషి వెనక ఒక కొట్లాట ఉందని, అది చేసినవాడున్నాడని ఆ మాటకు తెలుసు. మనమే మరిచిపోయాం.

కేసు చివరికి రాజీతో ముగిసింది. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగలేక, కూతురి చదువు కోసం కొంత డబ్బు ఒప్పుకుని ఆమె సంతకం పెట్టింది. సంఘంలో ఒకరిద్దరు, ఇంత దూరం వచ్చి వెనకాడింది అన్నారు. నేను అక్కడే ఉన్నాను. వెనకాడింది అనకండి, అలసిపోయేలా చేశారు అనండి అన్నాను. కాస్త తడబడుతూనే అన్నాను.